ఒక బోల్టు కింద జంగ్

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అని ఒక రకం బండి ఉంటుంది. దానికి ఇంజన్ ఉండదు. పికప్ బండి వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. లోపల పడక, పొయ్యి, ఫ్రిజ్, గుసల్‌ఖానా అన్నీ ఉంటాయి. మనం జాన్‌పహాడ్ ఉర్సుకు డీసీఎంలో చాపలు పరిచి, మధ్యలో పరదా కట్టి, గ్యాస్ సిలిండర్ ఓ మూలకు పెట్టుకుని పోతాం చూడండి, అదే సంసారం. కాకపోతే షోకు కొంచెం ఎక్కువ.

దాంట్లో ఒక తమాషా ఉంది. అక్కడి రోడ్ల మీద బండి వెడల్పు 8.5 అడుగులు దాటకూడదు. అంత ఇరుకులో భార్యాభర్తలు, పిల్లలు, పైగా మన ఇళ్లల్లోలాగా అమ్మీ అబ్బా కూడా వస్తే ఎట్లా కూర్చుంటారు? అందుకని గోడలో ఒక ముక్కను సోఫాతో సహా బయటికి జరిగేటట్టు చేశారు. బండి ఆగినంక బటన్ నొక్కితే మేజా బల్లకు సొరుగు వచ్చినట్టు గది బయటికి వస్తుంది. మళ్లీ బయల్దేరేటప్పుడు నొక్కితే లోపలికి పోతుంది. దీన్ని స్లయిడ్ అవుట్ అంటారు. ఇండియానా రాష్ట్రంలోని నూమార్ కంపెనీ 1990లో మోటార్‌హోమ్‌లకు దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు చిన్న ట్రైలర్లకు కూడా ఉంటోంది. చూడ్డానికి ముచ్చటే. కానీ ఆ గది లోపలికి రానన్నదంటే బండి రోడ్డెక్కలేదు. ఇల్లంతా అక్కడే కట్టేసినట్టు.

మా మామూ కొడుక్కి పోయిన అక్టోబర్లో అదే అయింది.

మా మామూ పాలమూరులో ఆటో ఎలక్ట్రీషియన్. పన్నెండేళ్లకే ఒక ఉస్తాద్ దగ్గర చేలాగా చేరాడు. మొదటి రెండేళ్లు స్పానర్లు కడగడం, చాయ్ తేవడమే పని. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. ట్రాక్టర్ సెల్ఫ్ మోటార్లు, లారీల డైనమోలు, కోతల సీజన్లో హార్వెస్టర్ల వైరింగు, ఏదైనా ఆయన ముందుకొస్తే లేచి నిలబడాల్సిందే. సర్టిఫికెట్ అంటూ ఒక్కటీ లేదు. దుకాణం బోర్డు మీద మాత్రం మూడు భాషలున్నాయి. మూడింట్లోనూ ‘ఎలక్ట్రికల్’ స్పెల్లింగు వేర్వేరుగా తప్పుంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. సరిచేయిస్తానని ఎన్నిసార్లు అన్నా వినలేదు. “బోర్డు చదివి ఎవరొస్తరు బేటా? బండి ఆగితే వస్తరు” అంటాడు.

ఆయనకు ఒక్కడే కొడుకు. వాణ్ని మాత్రం దుకాణం గడప తొక్కనివ్వలేదు. స్కూలు నుంచి వస్తూ వాడు సరదాగా ఒక ఆర్మేచర్ పట్టుకున్నా “రఖ్ దే, హాత్ కాలే హో జాతే” అని అరిచేవాడు. చేతులు నల్లబడకూడదు, అంతే. వాడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చేశాడు, కంప్యూటర్లలో. తర్వాత టెక్సాస్‌లో ఎమ్మెస్, డాలస్‌లో ఉద్యోగం. మా ఖాందాన్ మొత్తంలో ఇంజనీర్ అనిపించుకున్నవాడు వాడొక్కడే. వాడి అబ్బా దగ్గర ఉన్న హునర్‌లో ఒక్క నట్టు అంత కూడా వాడికి అందలేదు. ఇది మామూ ఒక్కడి ముచ్చట కాదు. మన మిస్త్రీల ఇళ్లు, దర్జీల ఇళ్లు, వెల్డింగ్ దుకాణాల ఇళ్లు ఏవైనా చూడండి. పిల్లల్ని పని నుంచి కాపాడటమే మొహబ్బత్ అనుకున్నాం. పేదరికం చూసినవాళ్లకు అట్లా అనిపించడంలో వింత లేదు. నేనైనా అదే చేసేవాణ్నేమో.

వాడు ప్రతి జుమ్మా ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో ప్రతిసారీ ఒక మాట ఉంటుంది: “అబ్బా, దుకాన్ బంద్ కర్ దో. ఇక్కడికి వచ్చెయ్.” మామూ ఊఁ అంటాడు. మరునాడు పొద్దున షట్టర్ లేపుతాడు.

ఆ అక్టోబర్లో ముమాని కొడుకు దగ్గరికి పోయి ఉంది. నేను వలస కూలీల మీద ఒక వార్త పని ఉండి నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు పోయాను. ముమాని లేని ఇంట్లో మామూ ఒక్కడే ఉన్నాడు కదా అని రాత్రి అక్కడే ఉన్నాను. పొద్దున ఆరున్నరకు, ఫజర్ అయ్యి మామూ చాయ్ పెడుతుంటే ఫోన్ వచ్చింది. అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. మామూ ఫోన్ అద్దం పగిలి ఉంది కాబట్టి నా ఫోన్‌లో వీడియో కాల్ కలిపాం.

వాడు ఎవరి దగ్గరో పాత ట్రైలర్ కొన్నాడు. అమ్మీకి చూపిద్దామని ఊరి బయట ఒక చెరువు ఒడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ కరెంటు ప్లగ్గు లేని జాగా. బండి బ్యాటరీ మీదనే రెండు రాత్రులు గడిపారు. మరునాడు పొద్దునే ఖాళీ చెయ్యాలి, సాయంత్రం ముమాని హైదరాబాద్ విమానం. రాత్రికే గది లోపలికి తోసి పెడదామని బటన్ నొక్కితే జానెడు కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మూలుగు తప్ప చలనం లేదు. ఫ్యూజు మార్చాడు. నయా బ్యాటరీ కావాలేమో అన్నాడు. మోటార్ పోయింది, ఆర్డర్ పెడతా అన్నాడు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే మూడు రోజుల తర్వాత వస్తానన్నాడట.

మామూ అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. “బటన్ దబాతే వఖ్త్ లోపల లైట్లు ఏమైతున్నయ్?”

వాడు చూడలేదు. ముమాని చూసింది. “మద్ధమ్ హో రహే జీ” అంది వెనక నుంచి. దీపాలు సన్నబడుతున్నాయి.

మామూ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మోటార్ మాట మరిచిపో అన్నాడు.

ఆయన లెక్క ఇది. మోటార్ పాడైతే మోటార్ ఒక్కటే ఆగుతుంది, లైట్లకు ఏం పట్టింది? లైట్లు కూడా గుడ్డివైతున్నాయంటే రెండింటికీ కరెంటు వచ్చే పెద్ద తోవలోనే ఎక్కడో అడ్డు ఉంది. ఇక ఆ అడ్డు బ్యాటరీలోనా, బ్యాటరీ నుంచి వచ్చే దారిలోనా, ఇదొక్కటే తేలాలి.

కొడుకు దగ్గర మల్టీమీటర్ ఉంది. ఆన్‌లైన్లో కొన్నది, డబ్బా సీలు కూడా తీయలేదు. మామూ మొహంలో ఒక వెలుగొచ్చింది, మనవడు నడిచినప్పుడు కూడా అంత రాలేదేమో. మొదట పిల్లల్ని తీసుకుపోయి పికప్ బండిలో కూర్చోబెట్టమన్నాడు. గది అకస్మాత్తుగా కదిలితే మధ్యలో ఎవరూ ఉండొద్దు. కోడలు టార్చి, ఫోన్ పట్టుకుంది. ముమాని లోపల బటన్ దగ్గర నిలబడింది. కొడుకు ట్రైలర్ ముందు కొస దగ్గర, బ్యాటరీ డబ్బా తెరిచి మీటర్ పెట్టాడు. బటన్ నొక్కకముందు 12.4.

“వోల్టేజ్ ఉంది అబ్బా, బ్యాటరీ బాగుంది” అన్నాడు.

“నిలబడ్డోణ్ని చూసి బలం చెప్తవా? మూట ఎత్తినంక చెప్పు” అన్నాడు మామూ.

ఈ మాట మీద కొంచెం ఆగుతాను. మన దగ్గర కరెంటు గురించి జరిగే మోసం, మోసపోవడం చాలావరకు ఇక్కడే ఉంది. పని చేయనప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనబడతాయి. వైరులో నూరు పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 అనే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ తాగే కరెంటు నామమాత్రం. గదిని ఈడ్చే మోటార్‌కు ఇరవై ఆంపియర్లు కావాలి. ఆ ఒక్క పోగు అప్పుడు చేతులెత్తేస్తుంది. అందుకే మామూ దుకాణంలో మీటర్ కంటే ముందు ఒక పాత హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టి పెట్టుకుంటాడు. అరవై వాట్ల బల్బు ఐదు ఆంపియర్లు అడుగుతుంది. తెల్లగా వెలిగితే వైరు నిజం చెప్తోంది, ఎర్రగా వెలిగితే అబద్ధం.

నల్గొండ రైతుకు ఇది చదువు లేకుండానే తెలుసు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది గానీ, అంతకు ముందు రాత్రి కరెంటు కోసం టార్చి పట్టుకుని బావి దగ్గరికి పోయిన తరం మాది. స్టార్టర్ డబ్బా మీది సూది మొదట మంచి వోల్టేజే చూపేది. ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి పడ్డాక సూది కిందికి జారేది. నీళ్లు లాగలేక మోటార్ ఇంకా ఎక్కువ కరెంటు గుంజి, వైండింగ్ కాలి, పొద్దున్నే బండి మీద వేసుకుని పట్నం రావాలి. కాలిన మోటార్‌ను చూపించి ‘మోటార్ ఖరాబ్’ అంటారు. అది ఖరాబ్ అయింది నిజమే, ఖరాబ్ చేసింది వేరే. మళ్లీ వైండింగ్ చేయించుకుని అదే ట్రాన్స్‌ఫార్మర్ కిందికి తీసుకుపోతారు. ఎన్ని ఇళ్లు ఆ ఒక్క చక్రంలో అప్పులపాలయ్యాయో నేను రిపోర్టర్‌గా రాశాను, రాసి అలిసిపోయాను.

సరే, టెక్సాస్.

“దబాఊఁ క్యా?” అని ముమాని లోపలి నుంచి అడిగింది. పాలమూరులో ఇరవై ఏళ్ల పాటు ట్రాక్టర్ సీటు మీద కూర్చుని ఆయన అడిగినప్పుడల్లా సెల్ఫ్ కొట్టిన మనిషి. ఆమెకు ఈ పని కొత్త కాదు. నొక్కింది. బ్యాటరీ 12.4 నుంచి 12.1కి మాత్రమే దిగింది. అంటే బ్యాటరీ మంచిదే. తర్వాత మీటర్‌ను లోపల ఛార్జింగ్ సాకెట్‌కు పెట్టించి మళ్లీ నొక్కించాడు. అక్కడ 7.6.

మామూ వేలితో గాలిలో లెక్క వేశాడు. బ్యాటరీ ఇచ్చింది 12.1. గదిలోకి చేరింది 7.6. మధ్యలో నాలుగున్నర వోల్టులు ఎవరో తిన్నారు. “చోర్ రస్తే మే హై” అన్నాడు.

ఇక్కడ భాష అడ్డం వచ్చింది. కొడుకు గూగుల్ చూసి “అబ్బా, గ్రౌండ్ చెక్ చెయ్యమంటున్నారు” అన్నాడు. మామూ “ఏ గ్రౌండ్? స్టేడియం గ్రౌండా?” అన్నాడు. మామూకు అది బాడీ. అమెరికా వాళ్లకు గ్రౌండ్, ఇంగ్లండ్ వాళ్లకు ఎర్త్, నేను ఏడో తరగతిలో ఉర్దూలో చదివింది జమీన్. నిజానికి రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి నేలతో రాబ్తానే లేదు. బ్యాటరీ నుంచి ఎర్ర వైరు మోటార్ దాకా పోతుంది. తిరిగి రావడానికి వేరే వైరు దండగని బండి ఇనుప చట్రాన్నే వాడుకుంటారు. బ్యాటరీ మన్‌ఫీ కొస నుంచి ఒక పొట్టి వైరు వచ్చి చట్రానికి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. పోయే కరెంటు గురించి అందరూ ఆలోచిస్తారు, వచ్చే దారి గురించి ఎవరూ ఆలోచించరు. కరెంటు తిరిగి రాలేకపోతే పోను కూడా పోలేదు.

నేను మధ్యలో తర్జుమా చేస్తూ కూర్చున్నాను. ‘రెసిస్టెన్స్’ అని వాడు అంటే నేను ‘ముజాహమత్’ అన్నాను, మా స్కూలు కితాబులో అట్లాగే ఉండేది. మామూ నవ్వాడు. “ముజాహమత్ గాదు బేటా, జంగ్.” జంగ్ అంటే తుప్పు. యుద్ధం కూడా జంగే. ఉర్దూలో రాసేటప్పుడు ఒకటి జే తో, ఇంకొకటి జీమ్ తో రాస్తాం, మా పాలమూరు నోట్లో రెండూ ఒకటే. తెలుగులో దాన్ని మా దిక్కు చిలుము అంటారు.

ముందు ఎర్ర వైరు చూడమన్నాడు. బ్యాటరీ పక్కనే ఒక చిన్న బ్రేకర్ ఉంది, ఎక్కువ కరెంటు పోతే తనే తెగి, చల్లారినంక తనే అతుక్కునే రకం. దాని రెండు కొసలకు మీటర్ పెట్టి నొక్కిస్తే 0.1. సాఫ్. తర్వాత మీటర్ నల్ల సూది బ్యాటరీ మన్‌ఫీ టర్మినల్ మీద, ఎర్ర సూది చట్రం మీద రంగు గీకిన చోట. రెండూ కలిసే ఉన్నాయి కదా, అక్కడ దాదాపు సున్నా చూపించాలి. ముమాని నొక్కింది.

4.2.

వాడు రెండుసార్లు చదివాడు. దొంగ దొరికాడు. మిగిలిన వోల్టులో మూడో పదోవంతు గురించి అడిగితే మామూ “అది మామూలు. ప్రతి వైరూ జెర తింటది, ఆఫీసర్ల లెక్క” అన్నాడు.

“ఆ బోల్టు ముట్టుకో, భద్రం.” గోరువెచ్చగా ఉందన్నాడు. ఉంటుంది మరి. నాలుగు వోల్టులు, ఇరవై ఆంపియర్లు, ఎనభై వాట్లు. ఒక పెద్ద బల్బు వేడి అంతా ఆ వాషర్ కింద కూర్చుంది. టార్చి వెలుగులో చూపిస్తే పైన అంతా నల్ల రంగు వేసి చక్కగానే ఉంది. కింద ఏముందో ఎవరికి తెలుసు.

ఇక్కడి దాకా వచ్చాక కొడుకు ఉత్సాహంగా స్పానర్ తీశాడు. మామూ గట్టిగా ఆపాడు. ఇంట్లో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను ఎక్కువగా వినలేదు. పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని బ్యాటరీని అందరూ చిన్నచూపు చూస్తారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ స్పానర్ రెండు టర్మినళ్లకు ఒకేసారి తగిలితే ఇనుము ఎర్రబారుతుంది, బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసుకు ఒక నిప్పురవ్వ చాలు. మా జిల్లా వాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. బ్యాటరీల పని మీద వచ్చిన ఇద్దరు కంపెనీ ఉద్యోగులు, మన బిడ్డ ఒక అసిస్టెంట్ ఇంజనీర్ కూడా అందులో ఉన్నారు. అల్లాహ్ వాళ్లందరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించాలి. ఆ పొద్దు మామూ దుకాణం తెరవలేదని నాకు గుర్తు. పెద్ద కేంద్రమైనా చిన్న ట్రైలర్ అయినా బ్యాటరీ దగ్గర అదబ్‌తో నిలబడాలి అంటాడు ఆయన.

“పికప్‌లో జంపర్ కేబుల్ ఉందా?”

ఉంది. అక్కడ ప్రతి బండిలో ఉంటుందట. ఒక్క కేబుల్ చాలన్నాడు. ఒక కొస ముందు బ్యాటరీ మన్‌ఫీకి. రెండో కొస బ్యాటరీకి దూరంగా, చట్రం మీద రంగు గీకి ఇనుము మెరిసేటట్టు చేసిన చోట. నిప్పురవ్వ వచ్చినా గ్యాసుకు దూరంగా రావాలి. పాత బోల్టును ముట్టుకోవద్దు, దాన్ని దాటి కొత్త తోవ వేస్తున్నాం, అంతే. రైలుకట్ట పక్కన బైపాస్ రోడ్డు వేసినట్టు.

“అమ్మీ, దబావ్.”

ఫోన్‌లో ముందు చప్పుడు వినిపించింది. మూలుగు కాదు, ఏకధాటిగా గర్రుమనే చప్పుడు. కోడలు ఫోన్ తిప్పింది. చీకట్లో సోఫా, కిటికీ, కిటికీకి ముమాని ఆరేసిన దుపట్టాతో సహా ఒక గోడ మెల్లగా బండిలోకి నడిచిపోతోంది. లైట్లు ఒక్క చుక్క కూడా సన్నబడలేదు. పికప్‌లోంచి పిల్లలు “దాదా! దాదా!” అని అరిచారు. మామూ చాయ్ చల్లారిపోయింది, అట్లాగే తాగేశాడు.

మీటర్ ఇంకా పెట్టే ఉంది కదా, ఇప్పుడు చదవమన్నాడు. కేబుల్ ఉండగా బటన్ నొక్కితే 0.2. అది రాసిపెట్టుకో అన్నాడు. మరమ్మతు తర్వాత ఎంత ఉందో రాసుకుంటేనే మళ్లీ ఎప్పుడు పెరుగుతోందో తెలుస్తుందట. నలభై ఏళ్లకు పైగా దుకాణం నడిపిన మనిషి ఒక్క బిల్లు పుస్తకం కూడా వాడలేదు గానీ, వచ్చిన బండ్ల రీడింగులు పాత క్యాలెండర్ల వెనక ఉర్దూ అంకెల్లో రాసిపెట్టుకుంటాడు. ఆ క్యాలెండర్లు నేను చూశాను. నాకు ఏ ఆర్కైవ్ కంటే తక్కువ అనిపించలేదు.

ఆ తర్వాతి ఆదివారం బోల్టు విప్పించాడు, మళ్లీ ఫోన్‌లోనే. ముందు మన్‌ఫీ వైరు బ్యాటరీ దగ్గర తీయించాడు. బోల్టు కింద చట్రానికి వేసిన రంగు అట్లాగే ఉంది. అంటే మొదటి నుంచి ఇనుము ఇనుమును ముట్టుకోలేదు, బోల్టు మరల అంచుల మీదనే కాలం గడిచింది. వాన నీళ్లు దిగి ఆ అంచులు కూడా చిలుము పట్టాయి. కంపెనీలో ఎవరో రంగు గీకకుండా బిగించారు. ఎమిరీ కాగితంతో తెల్లగా రుద్దించి, లగ్గు కొత్తది వేయించి, పళ్ల వాషర్ పెట్టి బిగించినంక పైన గ్రీజు రాయించాడు. గ్రీజు ముందు కాదు, బిగించినంక. పిల్లగాళ్లు ఇక్కడే తొందరపడతారట.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. జనవరి వస్తోంది. నల్గొండ నుంచి జాన్‌పహాడ్ పోయే వ్యాన్లకు, డీసీఎంలకు మనవాళ్లు బ్యాటరీ మీద లైటు సరాలు, యాంప్లిఫయర్లు, ఫ్యాన్లు, ఇప్పుడైతే ఫోన్ ఛార్జర్లు డజను కడతారు. పాట పెద్దగా పెడితే లైట్లు ఆరిపోతాయి. వెంటనే బ్యాటరీ దుకాణానికి పోతారు, ఆయన సంతోషంగా కొత్త బ్యాటరీ అమ్ముతాడు. అంతకు ముందు ఒక్కసారి యాంప్లిఫయర్ మోగుతుండగా బ్యాటరీ దగ్గర కొలవండి, యాంప్లిఫయర్ దగ్గర కొలవండి. రెండింటికీ తేడా ఉంటే బ్యాటరీని తిట్టకండి. బాడీ బోల్టు విప్పి చూడండి. మల్టీమీటర్ లేకపోతే మామూ బల్బు చాలు, పాత ఇనుప దుకాణంలో దొరుకుతుంది. వైరింగుకు ఫ్యూజు లేకుండా మాత్రం కట్టకండి. బండి నిండా పరదాలు, గడ్డి, సిలిండర్, పిల్లలు ఉంటారు.

టెక్సాస్ వాడు ఆ మీటర్‌ను ఇప్పుడు డబ్బాలో పెట్టడం లేదు. పక్కింటివాళ్ల గడ్డి కోసే మిషన్ స్టార్ట్ కాకపోతే వీడియో తీసి మామూకు పంపాడు, రీడింగులతో సహా. మామూ అది దుకాణంలో చేలా పిల్లగానికి చూపించి, ఏం తప్పుందో చెప్పమన్నాడు. వాడు సోలనాయిడ్ అన్నాడు. మామూ కాదన్నాడు. ఇద్దరూ అరగంట కొట్లాడుకున్నారు.

గది లోపలికి పోయిన ఆ పొద్దు ఫోన్‌లో ‘దుకాన్ బంద్ కర్ దో’ అనే మాట రాలేదు. తర్వాతి జుమ్మా ఫోన్‌లో వచ్చింది.